విశ్వవిద్యాలయమున మంచుహాకీ

మంచుగడ్డపై నాడు హాకీకొఱకు విశ్వవిద్యాలయము తన పేర నొక జట్టును నిలుపవలెనా యని మేనెల మధ్యాహ్నమున తార్నాక కూడలిలో నెవరైన నడిగినచో, వినువారు నవ్వి తమ దారిని తాము పోవుదురు. గోల్నాక మొదలు తార్నాక వఱకు గల మన సీమలో మంచుగడ్డ యనగా సోడాబండిలో గోనెపట్టాక్రింద దాచిన గడ్డయే గాని, దానిపై మనుష్యులు పరుగిడి ఆడుదురను తలంపు పెక్కుమందికి లేదు. అయినను ఈ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదని మా యభిప్రాయము. దీనిలో మంచును గూర్చిన విచారము స్వల్పము. విశ్వవిద్యాలయపు ధనము ఎవరికొఱకు, మైదానము ఎవరికొఱకు అను విచారము అధికము.

ఇట్టి తలంపు పుట్టుటకు కారణములు లేకపోలేదు. మన యిండ్లనుండి చదువులకై అమెరికాకు పోయిన బిడ్డలు మిన్నెసోటా, మిచిగను, బోస్టను మొదలగుచోట్ల విశ్వవిద్యాలయముల మంచుహాకీ పోటీలకు జనము మూగుటను కన్నులార చూచుచున్నారు. చూచినవారికి మనకేల ఇట్టిది లేదను కోరిక కలుగుట సహజము. 2025వ సంవత్సరము జూను నెలలో అరబ్బు ఎమిరేట్లలోని అల్ ఐను పట్టణమున ముగిసిన ఆసియా కప్పు పోటీలలో భారత మహిళల మంచుహాకీజట్టు కాంస్యపతకమును గెల్చినది. అదే సంవత్సరము జనవరిలో లేహ్ పట్టణమున జరిగిన ఖేలో ఇండియా శీతాకాలపు క్రీడలలో మన తెలంగాణపు క్రీడాకారిణి యొకతె మంచుమీది స్కేటింగులో స్వర్ణమును సాధించినది. 2025లోనే రాష్ట్రప్రభుత్వమువారు ఉస్మానియా విశ్వవిద్యాలయాభివృద్ధికి విరివిగా ధనమిత్తుమని మాట యిచ్చిరి. ధనము చేతికి రాకమునుపే దాని వినియోగమును గూర్చి యోచించుట మంచిది. వ్యయమైన పిదప యోచించుట మనకు చిరకాలపు టలవాటు. ఆ యలవాటును ఈసారి మానుకొందము.

ముందుగా రెండు తప్పుడువాదములను తొలగింపవలసియున్నది. ఇది పరదేశపు ఆట గనుక మనకు వలదని కొందఱందురు. ఆ మాటను మేము అంగీకరింపజాలము. ఫుట్‌బాలు పరదేశపు ఆటయే. అయినను 1911వ సంవత్సరము జూలై 29వ తేదీన కలకత్తాలో మోహన్ బగాను జట్టువారు, పెక్కుమంది వట్టికాళ్లతోనే ఆడి, ఆంగ్లసైనికుల జట్టును ఓడించి షీల్డును గైకొన్ననాడు దేశమంతయు నుప్పొంగినది. హాకీయు పరదేశపు ఆటయే. 1928లో ఆమ్‌స్టర్‌డాము మొదలుకొని 1956లో మెల్బోర్ను వఱకు వరుసగా ఆఱు ఒలింపిక్కులలో మనవారు దానియందు స్వర్ణమును మఱియొకరికి విడువలేదు. ఆట ఎచ్చట పుట్టినదనుట ముఖ్యము కాదు. ఎవరి కాళ్లకు, ఎవరి చేతులకు వశమైనదనుట ముఖ్యము. స్వదేశాభిమానమనగా వచ్చిన ఆటనెల్ల వెడలగొట్టుట కాదు.

మనది ఉష్ణదేశము గనుక మంచుహాకీ అసాధ్యమను వాదము రెండవది. ఇదియు నిలువదు. అమెరికాలో అరిజోనా మరుభూమియందు టెంపీ యను పట్టణము కలదు. అచ్చటి వేసవి మన రామగుండపు వేసవికి తీసిపోదు. ఆ పట్టణమునందలి అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు మంచుహాకీ జట్టును నిలుపుదుమని 2014లో ప్రకటించిరి. 2022లో అయిదువేలమంది కూర్చుండి చూడగల క్రీడామందిరమునే తెఱచిరి. కావున ఎండ అడ్డము కాదు. మఱి వారికి సాధ్యమైనదెట్లు? మొదటనే 3 కోట్ల 20 లక్షల డాలర్ల విరాళము చేతికందినది. పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమునందును ఇట్లే జరిగినది. టెరీ పెగులా యను ధనికుడు 2010లో 8 కోట్ల 80 లక్షల డాలర్లను ఇచ్చుటకు పూనుకొన్న పిమ్మటనే, 2012లో పురుషులకొకటి, స్త్రీలకొకటి చొప్పున జట్లు బరిలో దిగినవి. దాత ముందు, జట్టు వెనుక. విద్యార్థుల రుసుములనుండి గాని, ప్రజల పన్నులనుండి గాని మొదటి పెట్టుబడి రాలేదు. ఆ దేశమున 1972నాటి శాసనము చదువులలోను, ఆటలలోను స్త్రీపురుష భేదమును నిషేధించినది గనుక, పురుషుల జట్టునకు మురిసి స్త్రీలను మఱచుటకును వీలులేకపోయెను. ఈ రెండు నియమములను వదలి జట్టును మాత్రమే తెచ్చుకొనుట, చెట్టును విడిచి పండును నాటుటవంటిది.

ఈ ఆట పుట్టుపూర్వోత్తరములను కొంచెము చూతము. 1875వ సంవత్సరము మార్చి 3వ తేదీన కెనడాలోని మాంట్రియలు నగరమున ఒక పెద్దశాలలో, నియమములతో కూడిన మొదటి మంచుహాకీ పోటీ జరిగినదని చరిత్ర చెప్పుచున్నది. రెండేండ్లకు, అనగా 1877లో, అచ్చటి మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు జట్టుగా నేర్పడిరి. ఏలయన, ఆ దేశమున నదులును చెఱువులును నెలల తరబడి గడ్డకట్టియుండును. పేదవాని బిడ్డయు కఱ్ఱయొకటి చేతబూని చెఱువుమీదికి పోవచ్చును. ప్రకృతి యిచ్చిన మైదానముపై ఊరివారందఱు ఆడిరి; ఆడినవారిలోనుండి విశ్వవిద్యాలయమునకు జట్టు లభించెను.

మన దేశమున లడఖు కథయు ఇట్టిదే. లేహ్ పట్టణపు చెఱువులు చలికాలమున గడ్డకట్టును. సైనికులు ఆడగా చూచి, ఊరి పిల్లలు నేర్చిరి. పురుషుల ఆటకు ఎడమిచ్చి మిగిలిన వేళలలో బాలికలు నేర్చుకొనవలసి వచ్చినది. చందాలు పోగుచేసికొని 2016లో మన మహిళల జట్టు మొదటిసారి పరదేశమున పోటీకి దిగినది. ఆ బాలికలు తొమ్మిదేండ్ల తరువాత కాంస్యమును తెచ్చిరన్నచో, దానికి మూలము వారి పట్టుదలయును, వారి యింటిముందరి చెఱువును. ఆ పతకమును చూచి మేమును గర్వించితిమి. కాని వారినుండి నేర్వవలసిన పాఠము మంచును కొనితెచ్చుకొమ్మని కాదు. ఇంటిముందఱ నున్న నేలను వదలవలదని.

మంచును కొనితెచ్చుటయనగా నేమి? అంతర్జాతీయ నియమముల ననుసరించిన మంచుమైదానము 60 మీటర్ల పొడవు, ఇంచుమించు 30 మీటర్ల వెడల్పు గలదై యుండును. దాని యడుగున గొట్టములను బారులుగా పఱచి, వానిలో చలిద్రవమును రేయింబవళ్లు త్రిప్పుచుండవలెను. బయట 42 డిగ్రీల వేడిమి మండుచుండగా లోపల నీటిని గడ్డగా నిలుపుటకు ఎంతటి విద్యుత్తు కావలెనో ఊహింపవచ్చును. ఆటగాండ్ల పాదరక్షలు గీచిన గడ్డను మరల నునుపుచేయుటకు ఒక యంత్రము, నీరు, దానిని నడపువాడు కావలెను. ఒక్కరోజు యంత్రము నిలిచినచో మైదానము మడుగగును. మట్టిమైదానమును పదిదినములు మఱచినను అది మనలను క్షమించును, మంచు క్షమింపదు.

కట్టుట వేఱు, నిలుపుట వేఱు. దీనికి దూరపు నిదర్శనము అక్కఱలేదు. డెహ్రాడూనులో 2011వ సంవత్సరమున దక్షిణాసియా శీతాకాలపు క్రీడలకై చక్కని మంచుమందిరమును నిర్మించిరి. క్రీడలు ముగిసిన పిదప పోషణవ్యయమును భరింపలేక అది యేండ్లతరబడి మూతబడి, 2025లో గాని తిరిగి అంతర్జాతీయ పోటీలకు తెఱవబడలేదు. హిమాలయముల యొడిలో నున్న రాష్ట్రమునకే ఇది కష్టమైనప్పుడు, మూసీ యొడ్డున నున్న మనకు సులభమగునని నమ్మించువారిని మేము నమ్మజాలము. 2024వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఉస్మానియా వసతిగృహముల విద్యార్థినులు నీటి కొఱతను గూర్చియు, విద్యుత్తు కొఱతను గూర్చియు నిరసన తెలిపిన సంగతిని పాఠకులు మఱచియుండరు. త్రాగునీటికై ఆడబిడ్డలు వీధికెక్కిన ఆవరణమున గడ్డకట్టించుటకు నీటిని మళ్లింతుమనుట చెవికింపైన మాట కాదు.

వ్యయమట్లుండ, ఫలమెవరికి? మంచుహాకీలో ఒక పక్షమున మైదానముపై నుండువారు గోల్‌కీపరుతో కూడ ఆర్గురు. మార్పుకొఱకు వేచియుండువారితో కలిపిన జట్టు ఇరువదిమందికి కొంచెము పైబడును. వారి పాదరక్షలు, శిరస్త్రాణములు, కవచములు చాలవఱకు పరదేశములనుండి రావలెను. అనుబంధ కళాశాలలతో కూడ లెక్కించినచో లక్షలకొలది విద్యార్థులు గల విశ్వవిద్యాలయమున ఈ ఇరువదిమంది యెవరగుదురు? పసితనమునుండి స్కేటింగు నేర్చుటకు స్తోమతు గల యిండ్ల పిల్లలే యగుదురు. ఆదిలాబాదు, మహబూబునగరములనుండి వచ్చి వసతిగృహమున నలుగురిలో నొకడుగా నుండు రైతుబిడ్డ ప్రేక్షకుడగును. వీరు ఆడుటకు ప్రత్యర్థులు చుట్టుపట్ల లేరు. సహజమైన మంచు దొరకు లేహ్ మనకు ఆకాశమార్గముననే 1,800 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది.

మైదానము ఖరీదైనప్పుడు ఆట ఎవరిదగునో మనకు స్వానుభవమున తెలిసియుండవలెను. మంచుహాకీ పుట్టిన ఆ మాంట్రియలు నగరముననే 1976లో ఒలింపిక్కులు జరిగినవి. హాకీపోటీలను మొదటిసారిగా కృత్రిమపు పచ్చికపై నాడించిరి. అంతకు ముందటి సంవత్సరమే కౌలాలంపూరులో ప్రపంచకప్పును గెల్చివచ్చిన మనవారు అచ్చట ఏడవస్థానమునకు దిగజారిరి. మన ఆటగాండ్ల నైపుణ్యము ఒక్క సంవత్సరమున నశించినదా? లేదు. కాళ్లక్రింది నేల మాఱినది. ధనికదేశములు ఊరూర ఆ పచ్చికను పఱచుకొనగలిగినవి. మన పల్లెల బాలురు మట్టిలో నేర్చి, పచ్చికపై పరీక్షకు నిలువవలసి వచ్చిరి. 1980లో మాస్కోలో నొక్క స్వర్ణము దక్కెను. ఆ పిమ్మట ఒలింపిక్కు పతకమును చూచుటకు 2021లో టోక్యోవఱకు, అనగా నలువదియొక్క సంవత్సరములు, వేచియుండవలసి వచ్చెను. పచ్చికకే ఇంతటి మూల్యము చెల్లించిన జాతి, మంచునకు ఎంత చెల్లింపవలెనో లెక్కవేసికొనవలదా?

ఆ కఱవుకాలమునను హాకీ బ్రదికి యుండుటకు కారణమేమి? పొరుగున ఒడిస్సాలోని సుందరగఢ్ జిల్లాను చూడుడు. గిరిజనగ్రామములలో వెదురుకఱ్ఱలతో, గెల్చిన జట్టునకు మేకను బహుమానముగా నిచ్చు పోటీలతో ఆట నిలిచినది. అచ్చటనుండియే దిలీపు టిర్కీవంటి నాయకులు వచ్చిరి. ఊరిలో ఆట స్థిరపడిన పిదప గాని 2023లో రూర్కెలాయందు మహాక్రీడాంగణము వెలయలేదు. మన తెలుగుగడ్డయు గొడ్డువోలేదు. హైదరాబాదు బిడ్డ ముఖేశ్‌కుమారు 1992, 1996, 2000 సంవత్సరముల ఒలింపిక్కులలో దేశము పక్షమున ఆడినాడు. నిజామాబాదునుండి యెండల సౌందర్య బయలుదేరి 2013లో కాంస్యము గెల్చిన బాలికల ప్రపంచకప్పు జట్టులో నిలిచినది. చిత్తూరు సీమ పల్లెనుండి వచ్చిన గోల్‌కీపరు రజని 2016లో రియో ఒలింపిక్కులకు పోయినది. వీరికి మంచును గాని పాలరాతిమేడలను గాని ఎవరును చూపలేదు.

ఉస్మానియా పేరు చెప్పినప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీమును తలపకుండుట కృతఘ్నత యగును. ఈ విశ్వవిద్యాలయపు పట్టభద్రుడైన ఆ బడిపంతులు హైదరాబాదు పోలీసుజట్టును తీర్చిదిద్ది, 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదుమార్లు రోవర్సు కప్పును గెలిపించినాడు. ఆయన శిక్షణలోనే భారత ఫుట్‌బాలుజట్టు 1951లోను, 1962లోను ఆసియాక్రీడలలో స్వర్ణమును, 1956లో మెల్బోర్ను ఒలింపిక్కులలో నాలుగవస్థానమును పొందెను. 1963లో ఆయన కన్నుమూసెను. ఆయన చేతిలో నున్న పెట్టుబడి యెంత? ఒక బంతి, ఒక యీల, సమతలమైన నేల, ఆడవలెనని వచ్చిన పేదబాలురు. ఇంతకంటె గొప్ప దృష్టాంతము మన ఆవరణముననే యుండగా అరిజోనాకు పోనేల?

ఈ విశ్వవిద్యాలయపు చరిత్రయే మనకొక ధర్మమును బోధించుచున్నది. 1918లో స్థాపింపబడిననాడు, ఉన్నతవిద్యను ఆంగ్లమున గాక దేశభాషలో బోధింపవచ్చునని ఉర్దూమూలమున ఋజువుచేసిన సంస్థ యిది. ఆ దేశభాష ఇచ్చటి అధికసంఖ్యాకులైన తెలుగువారి భాష కాకపోవుట మనకు నాటినుండియు నున్న వేదనయే. 1938లో వందేమాతరగీతమును పాడినందులకు విద్యార్థులు వసతిగృహములనుండియు, తరగతులనుండియు వెడలింపబడి, పలువురు నాగపురమునకు పోయి చదువు సాగించిరి. అప్పటినుండి నేటివఱకు ఈ ఆవరణమున జరిగిన ప్రతి యుద్యమమునకును మూలప్రశ్న యొక్కటియే: ఈ విద్యాలయము ఎవరిది? చదువుయొక్క భాషను గూర్చి అడిగిన ప్రశ్ననే నేడు మేము ఆటయొక్క నేలను గూర్చి అడుగుచున్నాము.

నేలకు కొఱతలేదు. వేయియెకరములకు మించిన ఆవరణమిది. 2002లో జాతీయక్రీడలు హైదరాబాదున జరిగినప్పుడు సైకిళ్ల పందెములకై ఇచ్చట వెలోడ్రోమును కట్టిరి. క్రీడలు ముగిసిన పిదప ఎందఱు సామాన్యవిద్యార్థులు దానిపై సైకిలు త్రొక్కిరో, దాని పోషణకు ఏటేట ఎంత వెచ్చించుచున్నారో అధికారులు లెక్క చూపింతురుగాక. ఆ లెక్కను చూపకమునుపు మఱియొక విశేషనిర్మాణమును కోరు నైతికాధికారము ఎవరికిని లేదు. సాయంకాలము వసతిగృహమునుండి వెలికి వచ్చిన బాలిక చీకటిపడిన పిమ్మట ఒక గంటసేపు నిర్భయముగా పరుగెత్తుటకు దీపములు గల మైదానము కలదా? సందులలోని అనుబంధ కళాశాలలకు ఆటస్థలము కలదా? అద్దెమేడలో మూడవయంతస్తున తరగతులు నడుపు కళాశాలలో వ్యాయామశిక్షకుని పేరు కాగితముపై నుండవచ్చును. ఆడుటకు పిల్లవాడు నేలమీదికి దిగవలెను గదా!

కావున మా నిశ్చితాభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. విశ్వవిద్యాలయము మంచుహాకీజట్టును చేర్చుకొనరాదు. దానికి బదులుగా చేయవలసిన పనులు గలవు. మొదటిది, ఆవరణమునందలి ప్రతి ఆటస్థలమును కొలిపించి, హద్దులు నాటించి, దాని విస్తీర్ణమును, వినియోగమును ప్రజలయెదుట ప్రకటింపవలెను. హద్దు తెలియని నేల ఆక్రమణకు తెఱచిన తలుపు. రెండవది, విద్యార్థినుల వసతిగృహముల చేరువ దీపములతో, నీటివసతితో, శిక్షకురాలితో కూడిన మైదానమును అన్నిటికంటె ముందు సిద్ధపఱపవలెను. మూడవది, ఆటస్థలము లేని కళాశాలల పిల్లలకు వారమునకు రెండుదినములైనను విశ్వవిద్యాలయపు మైదానములను వంతులవారీగా ఇయ్యవలెను. నాలుగవది, హాకీ, ఫుట్‌బాలు, కబడ్డీ, ఖోఖోలయందు కళాశాలలమధ్య పోటీలను ఏటికొక్క వారముతో ముగింపక, చదువుకాలమంతయు సాగింపవలెను. వీరఘట్టమున పుట్టి విజయనగరమున వ్యాయామమును నేర్పిన కోడి రామమూర్తినాయుడు పుట్టిన జాతికి, దేహబలమును కూడ విద్యలో భాగముగా నెంచుట క్రొత్త కాదు.

మఱి మంచుపై నిజముగా ప్రతిభ చూపు విద్యార్థి మనలో నున్నచో అతనినో, ఆమెనో కాదనవలెనా? ఎంతమాత్రమును కాదు. ఒక్కరికొఱకు మంచుమైదానమును కట్టుట అవివేకము. ఆ యొక్కరిని మంచున్న చోటికి పంపుట వివేకము. చలికాలమున లేహ్ కు గాని, డెహ్రాడూనుకు గాని పోయి శిక్షణపొందుటకు వేతనమును, పరీక్షలలో వెసులుబాటును ఇయ్యవలెను. లడఖు విశ్వవిద్యాలయముతో స్నేహపూర్వకమైన ఒడంబడిక చేసికొని, అచ్చటి పిల్లలు ఇచ్చటికి వచ్చి మన మైదానములపై పరుగెత్తుటకును, ఇచ్చటివారు అచ్చటికి పోయి మంచుపై నిలుచుటకును ఏర్పాటు చేసినచో, అది ఒక జట్టుకంటె మేలైన జాతీయకార్యమగును. ఎవరైన ధనవంతుడు అరిజోనా దాతవలె నిర్మాణమునకే గాక నిత్యపోషణకును శాశ్వతనిధిని సమకూర్చి ముందుకు వచ్చిననాడు, ఈ ప్రశ్నను మరల విచారింతము. అంతవఱకు ప్రజాధనముతో ప్రయోగములు వలదు.

ఇట్టి జట్టువలన విశ్వవిద్యాలయపు కీర్తి దేశదేశముల వ్యాపించునని ఒకరనవచ్చును. పత్రికలలో ఛాయాచిత్రములు పడునుగాక. కాని కీర్తి ఆటవలన వచ్చునది. ఆట ఆడువారివలన వచ్చునది. ఆడువారు నేలవలన పుట్టుదురు. తార్నాకకు ఆ పేరు కాపలాచౌకివలన, అనగా నాకావలన వచ్చినదని పెద్దలందురు. నేడు ఆ చౌకి లేదు. మైదానములచుట్టు మాత్రము ధనమనెడు చౌకి యొకటి వెలయకుండ చూచుట విశ్వవిద్యాలయపాలకుల విధి. పాలకమండలివారు రాబోవు ధనమునుండి మొదటి రూపాయిని విద్యార్థినుల మైదానమునకు కేటాయించి, వచ్చు విద్యాసంవత్సరము ఆరంభమగుటకు ముందే దాని హద్దురాళ్లను నాటింతురుగాక యని కోరుచున్నాము.